హొల్లోపతక్ నీళ్ళ వ్యాజ్యం

హుణసేపల్లి, మడకశిర దగ్గర
18 మే 2025

నా పేరు రామాంజినమ్మ. వయసు డెబ్భై ఆరు. ఆధార్ కార్డులో అరవై తొమ్మిది అని ఉంది, అది వాళ్ళ తప్పు, నేనేమీ తగ్గించుకోలేదు. కొడుకు జయరాం, కోడలు ఇంద్రాణి, మనవరాలు హేమలత, నేను, ముప్పై ఎనిమిది గొర్రెలు, ఒక పొట్టేలు. ఇదీ నా సంసారం. నా కూతురి కొడుకు వీరేష్ అనేవాడు కూడా ఈ ఇంట్లోనే పెరిగాడు. వాడిప్పుడు రొమేనియా అనే దేశంలో, హొల్లోపతక్ అనే ఊళ్ళో, కూలికి ఊరి మంద కాస్తున్నాడు. ఈ కాగితం వాడికే.

ఒరే వీరేషా, నా పేరూ వయసూ నీకు తెలియవని కాదు. మాట కాగితం ఎక్కేముందు మనిషి ఎక్కాలి. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ పదేళ్ళు తిరిగి నేర్చుకున్నది అదొక్కటే. ఫోన్ చేద్దామంటే నువ్వు గుట్టెక్కావు, అక్టోబరు దాకా సిగ్నల్ ఉండదని నువ్వే రాశావు. నేను నా మాటలో చెబుతున్నాను, హేమలత బడి తెలుగులో రాస్తోంది. తిట్లు మాత్రం మార్చకుండా రాయమన్నాను.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. ఆ పొద్దు మన కులపెద్ద చెన్నప్ప పొట్టేలును చూడాలని వచ్చి, కంబళి పరిపించుకుని కూర్చున్నాడు. నేను ఎప్పటిలాగే గట్టిగా చదవమన్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. హేమలత చదివింది: "చర్చి పండగ మర్నాడు ఈ ఊరి మగవాళ్ళు ఇంటింటికీ పోయి ఆడవాళ్ళ మీద నీళ్ళు పోస్తారు. నన్నూ తీసుకుపోయారు. నేను ఉండే ఇంటి ముసలావిడ మనవరాలు ఎరికా మీద నిండు బకెట్ పోశాను. ఆమె నవ్వి ఎర్రరంగు కోడిగుడ్డు చేతిలో పెట్టింది. చాలా బాగుంది."

హేమలత అక్కడ ఆగింది. చెన్నప్ప ఆగలేదు.

"ఏమ్మా రామాంజినమ్మా, వసంతమాడినాడే నీ మనమడు! నీళ్ళు పోసినాడు, పిల్ల నవ్వింది, చేతిలో గుడ్డు పెట్టింది. ఇంక తాళి తప్ప మిగిలిందేముండాది?"

"వాడికి తెలీక పోసుంటాడు లేప్పా," అన్నాను.

"తెలీక పోసినా తడిసింది తడిసినట్లే," అన్నాడు.

నాకు చెబుతున్నాడు, నాకు! మన పెళ్ళిళ్ళలో పసుపునీళ్ళ వసంతం ఎవరు పోస్తారురా? బావ మరదలి మీద పోస్తాడు. పరాయివాడు చెంబు ఎత్తితే కట్టె విరుగుతుంది. హేమలతను నీకిస్తానని మూడేళ్ళ కింద మీ అమ్మకూ మామకూ మధ్య కూర్చుని మాట ఇచ్చింది నేను. చెన్నప్పకు తన కొడుకు సందీప్‌కు హేమలతను చేసుకోవాలని ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు పట్టుకోవడానికి కొమ్ము దొరికింది. దసరాలోగా నీ సంగతి తేలకపోతే సందీప్‌తో తాంబూలాలు మార్చుకుందామని ఊరంతా చెబుతున్నాడు.

అది అట్లుంచు. నిండు బకెట్టా? ఈడ బోర్లు ఎండి, గొర్రెలు తొట్టి అడుగు నాకుతుంటే, నువ్వు మనిషి మీద బకెట్ పారబోసి "చాలా బాగుంది" అని రాస్తావా, ఎదవ నాయాలా? ఇంకొకటి. రంగేసిన గుడ్డు మన దగ్గర ఎవరు పెడతారు? మూడు దారుల కాడ, చేతబడి చేసేవాళ్ళు. తిన్నావా? తినుంటే కక్కు. ఆ పిల్ల ఎవరో, నీకేమవుతుందో, దాచకుండా వెంటనే రాయి.

పొట్టేలుకు దగ్గు పట్టింది. వాన జాడ లేదు.

రామాంజినమ్మ ఎడమ బొటనవేలి ముద్ర


హొల్లోపతక్ గుట్ట మీద, మంద దగ్గర
11 జూన్ 2025

అవ్వకు నమస్కారం.

నీ ఉత్తరాన్ని ఎరికా రొట్టెలతో పాటు మూట కట్టి తెచ్చింది. నీ కోపం నాకు అర్థమైంది. నీళ్ళు పారబోశానంటే మన ఊళ్ళో ఎవరికి కడుపు మండదు? కానీ అవ్వా, ఇక్కడ రోజు విడిచి రోజు వాన. పోసిన నీళ్ళు గడ్డిలోకే పోతాయి, గడ్డి గొర్రెల్లోకి పోతుంది. ఒక్క చుక్క వృథా కాలేదు. ఎరికా ఒక్కదాని మీదే అంత నీళ్ళెందుకు అని బాధపడకు, ఆ వీధిలో పదకొండు ఇళ్ళలోనూ పోశాను. ఆడవాళ్ళు పువ్వుల మాదిరి వాడిపోకుండా ఉండాలని పోస్తారట. గుడ్డు తిన్నాను. ఉప్పు సరిపోలేదు. ఎరికా చాలా మంచి మనిషి, బడిలో టీచరు, ఈ ఊరి మాట నాకు నేర్పేది ఆమే.

ఈ ఊరి సంగతి వింటే నీకు నచ్చుతుంది. దేశం రొమేనియా. పోలీసు, పోస్టు, ఆసుపత్రి కాగితం, అన్నీ రొమేనియా మాట. ఊళ్ళో మాత్రం అందరిదీ హంగేరీ మాట. అచ్చం మన హుణసేపల్లే. మనకూ కాగితాలు తెలుగు, కొట్లాట కన్నడం కదా. నేనుండే ఇంటి ముసలావిడ పేరు బార్తా ఇలోన. వీళ్ళు కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెబుతారు. నాకు అది విని సొంత ఊళ్ళో ఉన్నట్టు అనిపించింది.

ఇలోన వాళ్ళమ్మ ఆ ఇంట్లో పుట్టినప్పుడు ఊరు హంగేరీ రాజుది. ఆమె బడికి పోయేసరికి రొమేనియాది. ఇలోనను కనేసరికి మళ్ళీ హంగేరీది. ఇలోన నడక నేర్చేసరికి మళ్ళీ రొమేనియాది. "మా అమ్మ మంచం కూడా జరపలేదు, దేశమే అటూ ఇటూ జరిగింది" అంటుంది. నువ్వు చెప్పేది కూడా అదే కదా, మద్రాసు కింద పుట్టాను, కర్నూలన్నారు, హైదరాబాదన్నారు, ఇప్పుడు జిల్లా కూడా మారి పుట్టపర్తి అంటున్నారు, నేను మాత్రం ఈ గుమ్మం దాటలేదని. ఆ మాట చెబితే ఇలోన మోకాళ్ళు చరుచుకుని నవ్వింది. ఇక్కడ ఒక్కో ఇంటికి బండి పట్టేంత చెక్క వాకిలి ఉంటుంది, మీద పావురాల గూడు. వాకిళ్ళు ఎత్తుగా ఉన్నాయి కానీ లోపల మనుషులు తక్కువ. పడుచువాళ్ళు జర్మనీ పోయారు. మిగిలింది ముసలివాళ్ళు, గొర్రెలు, నేను.

పెద్దవాళ్ళను పేరుతో పిలవకూడదు. ఆడవాళ్ళను 'నేని' అనాలి, మన అత్త అన్నట్టు. ఇలోనను నేనూ అట్లాగే పిలుస్తాను. మంద కట్టడం కూడా మన పద్ధతే. దడి జరుపుతూ పోతారు, ఎవరికి ఎక్కువ గొర్రెలుంటే వాళ్ళ గడ్డినేలలో ఎక్కువ రోజులు కట్టి ఎరువు పోయిస్తారు. నాకు చెప్పి చేయించాల్సిన పని పడలేదు. పోయిన వారం ఎలుగుబంటి వచ్చింది. కుక్కలు చూసుకున్నాయి, నేను చెట్టు చూసుకున్నాను.

ఆ సంగతి తెలిసి ఇలోన బండి కట్టించుకుని గుట్ట ఎక్కి వచ్చింది. చనిపోయిన తన భర్త గొర్రెతోలు కోటు తెచ్చి నా భుజాల మీద కప్పింది. "దీన్ని వేసుకునేవాడు మా ఇంట్లో లేడు, ఇక నీదే" అంది. వెంట వచ్చిన ముసలాయనలు టోపీలు తీశారు. చాలా వెచ్చగా ఉంది.

పొట్టేలుకు దగ్గు తగ్గిందా? వాము కాచి పోస్తున్నారా?

నీ మనవడు
వీరేష్


హుణసేపల్లి
4 జూలై 2025

నా పేరూ వయసూ పోయిన కాగితంలో ఉన్నవే, వయసు నెలన్నర పెరిగింది. సంసారంలో గొర్రెలు ముప్పై ఏడు, కుంటి గొర్రె పోయింది.

వీరేషా, గొయ్యి తవ్వుకోవడం చూశాను కానీ అందులో దిగి పరుపు వేసుకున్నవాణ్ణి నిన్నే చూస్తున్నాను.

ఈసారి చెన్నప్పను రానివ్వకుండా తలుపేసి చదివించాను. ఆ పెద్దమనిషి గోడ అవతల నిలబడి విన్నాడు. నువ్వు "అత్త" అన్న చోట దగ్గాడు. "కోటు భుజాల మీద కప్పింది" అన్న చోట గోడ మీదికి తల పెట్టేశాడు.

"చెప్తే విన్నావా? మామ కంబళి అల్లుని భుజాన పడితే మన కులంలో దాన్నేమంటారు? ఇల్లటం! పెద్దమనుషులు పాగాలు తీసి మరీ ఒప్పుకున్నారంట. ఇంక వాడు నీ మనమడు గాదు, ఆ యమ్మ ఇంటి మనిషి."

"పాగా గాదప్పా, టోపీ," అంది మీ అత్త ఇంద్రాణి.

"ఏదైతేనేం, తల మీదది తీసినారా లేదా?"

పోయినసారి ఒక పిల్ల. ఇప్పుడు పదకొండు ఇళ్ళు. అడిగినదానికి జవాబు చెప్పమంటే "మంచి మనిషి" అని రాస్తావు. మంచిదో చెడ్డదో నాకెందుకు, నీకేమవుతుందో చెప్పమన్నాను. మీ మామ రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు, మాట ఇచ్చింది నువ్వే కదా అన్నట్టు చూస్తున్నాడు. హేమలత ఆ పూట రాగిముద్ద రాయిలాగా చేసింది. నాకున్న పళ్ళు నాలుగు.

నీతో లాభం లేదు. ఇక్కడి నుంచి రాసేది హొల్లోపతక్ ఊరిపెద్దకు. నలుగురిలో నిలబడి చదివి వినిపించు. ఒక్క మాట మింగినా నా మీద ఒట్టు.

అయ్యా ఊరిపెద్దగారూ, నేను రామాంజినమ్మను, గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, గొర్రెలు కాసే ఇంటికి వచ్చినదాన్ని. మా పిల్లవాణ్ణి మీ మంద కాయడానికి పంపించాము. ఇల్లటానికి పంపించలేదు. వాడు మీ ఆడపిల్ల మీద నీళ్ళు పోసింది నిజమే. మీ పద్ధతి తెలియక పోశాడు, వాడికి మా పద్ధతులే సగం తెలియవు. దాన్ని వసంతంగా లెక్కపెట్టవద్దు. వాడికి ఇక్కడ మేనమామ కూతురు ఉంది. బార్తా ఇలోన అనే ఆమె కప్పిన కోటును తిరిగి తీసుకోమనండి. చలి వేస్తే వేయనివ్వండి, మేము కంబళి పంపుతాము. మీ ఊరు ఎన్ని దేశాల చేతులు మారినా మీ మాట మీరు నిలుపుకున్నారని విన్నాను. అట్లాగే నా మాట నిలవడానికి కూడా సాయం చేయాలి. మా వాడు ఇల్లటపు అల్లుడు కాదని మీ నోటితో చెప్పించి, ఆ కాగితం దసరాలోగా నాకు చేరేటట్టు చూడాలి.

రామాంజినమ్మ ఎడమ బొటనవేలి ముద్ర
సాక్షి: కోడలు ఇంద్రాణి


హొల్లోపతక్ గుట్ట మీద
31 జూలై 2025

అవ్వా, నా కొంప ముంచావు.

ఒట్టు పెట్టావు కాబట్టి గుట్ట దిగి, ఆదివారం చర్చి నుంచి అందరూ బయటికి వచ్చే వేళకు నిలబడి చదివాను. ముందురోజే నేను అర్థం చెబితే ఎరికా వాళ్ళ మాటలో కాగితం మీద రాసుకుంది, ఒక్కో ముక్క అందులోంచి చదివింది. "చలి వేస్తే వేయనివ్వండి" అన్న చోట ఊరిపెద్ద మెట్ల మీద కూలబడి నవ్వాడు. ఎరికా అయితే నవ్వుతో చదవలేక ఆ కాగితం తన భర్త చేతికిచ్చింది.

అవును అవ్వా, ఎరికాకు పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు. నేను రాయలేదా? ఆ రోజు బకెట్ మోసుకొచ్చి నా చేతికి అందించింది ఆమె భర్తే. మగవాళ్ళు అందరి ఇళ్ళకూ పోతారు, భర్త ఉన్నా పోస్తారు, తొంభై ఏళ్ళ ముసలమ్మనూ వదలరు. పోయకపోతేనే వాళ్ళకు కోపం. ఇదంతా ముందే రాసి ఉంటే బాగుండేది. నాకు తోచలేదు.

ఇలోన నేని నవ్వలేదు. "ఆమె సరిగ్గా అడిగింది, నేను సరిగ్గా చెప్పాలి" అని ఇంటికి తీసుకుపోయి ఎరికా చేత రాయించింది. దాన్ని నేను తెలుగులో పెట్టాను, ఆమె చెప్పింది ఇది:

"హుణసేపల్లిలో ఉండే రామాంజినమ్మకు బార్తా ఇలోన చెప్పేది. వయసు ఎనభై రెండు, విధవను, ఇంట్లో నేనూ ఒక కుక్కా. మనవరాలు పక్కింట్లో ఉంటుంది. నీ మనవడు ఆ రోజు నా మీద కూడా నీళ్ళు పోశాడు. సగం బకెట్, నెత్తిన. మూడు రోజులు తుమ్మాను. మీ చట్టం ప్రకారం నేనూ వాడి పెళ్ళాన్నే అయితే, నాకంటే ఆరేళ్ళు చిన్నదానివైన నువ్వు నాకు అవ్వ వరుస అవుతావు. నమస్కారం అవ్వా. నాకు వంట వచ్చు, పాలు పిండడం వచ్చు. వంగి కాళ్ళు మొక్కడానికి మాత్రం మోకాళ్ళు ఒప్పుకోవు.

కోటు సంగతి. ఆ కోటు నా భర్తది కాదు, ఊరి కాపరిది. నా భర్త కాపరిగా ఉన్నన్నాళ్ళు వేసుకున్నాడు, ఆయనకు ముందు ఇంకొకరు వేసుకున్నారు. ఆయన పోయాక నాలుగేళ్ళు కాపరి దొరకలేదు. ఊరివాళ్ళు మంద అమ్మేద్దామని రెండుసార్లు కూర్చున్నారు. రెండుసార్లూ నేనే కొట్లాడి లేపాను. అప్పుడు మీ వాడు వచ్చాడు. మాట రాదు, గొర్రె చెవి గాటు చూసి అది ఎవరి గొర్రెనో రెండో రోజుకే చెప్పాడు. టోపీలు తీసింది అందుకు, అల్లుడని కాదు. వాణ్ణి ఉంచుకోవాలని నాకు లేదా అంటే, ఉంది. అబద్ధం చెప్పను. కానీ వాడిది నీ ఇల్లు. అక్టోబరులో మంద దిగుతుంది, ఒప్పందం తీరుతుంది, విమానం ఎక్కిస్తాను. కోటు ఇక్కడే ఉంటుంది."

కింద ఊరిపెద్ద సంతకం, ఊరి ముద్ర ఉన్నాయి. నాకు మన పద్ధతులే సగం తెలియవన్న ముక్క మాత్రం తీసేసి చదివాను, ఒట్టు తగలదు కదా?

హేమలతతో చెప్పు, నేను ఎక్కడికీ పోనని. పొట్టేలుకు దగ్గు తగ్గిందో లేదో ఎవరూ రాయరేం?

వీరేష్


హుణసేపల్లి
28 ఆగస్టు 2025

నా పేరు రామాంజినమ్మ, వయసు డెబ్భై ఆరు, సంసారం ముందు చెప్పినదే. నిన్న వినాయక చవితి పందిట్లో కులపెద్దల ముందు జరిగింది జరిగినట్టు రాయిస్తున్నాను.

నీ ఉత్తరం నలుగురిలో చదివించాను. ఊరి ముద్ర చూపించాను. రెండో పెద్దమనిషి తిమ్మన్న దాన్ని వెలుగుకు పట్టి చూసి, బాగుందన్నాడు. చెన్నప్ప లేచాడు.

"ఒక ఆడదాని మీద పోస్తే తెలీక పోసినాడనుకుందుం. పదకొండు మంది! ఇది ఇంకా ఘోరం గదా? మన ఆచారంలో నీళ్ళు పోస్తే పోసినట్లే. దేశం మారితే ఆచారం మారుతాదా?"

నేను నోరు తెరిచేలోపు హేమలత లేచింది. చేతిలో కాగితాలు అట్లే ఉన్నాయి.

"నీళ్ళు పోసినోడల్లా మొగుడైతే, మామా, మనూరికొచ్చే ట్యాంకర్ డ్రైవరు ఊరి ఆడోళ్ళందరికీ మొగుడే. వారానికి రెండుసార్లు మమ్మల్ని నిలువునా తడిపిపోతాండాడు. మీ ఇంటామె పైపు కాడ ముందర నిలబడుతుంది, ఆమె కత ఏం జేస్తావు?"

వీరేషా, తిమ్మన్న నవ్వి నవ్వి పందిరి గుంజ పట్టుకున్నాడు. వినాయకుడు కూడా కదిలినట్టే ఉంది.

"అది సరే, ఆ కోటు?" అన్నాడు చెన్నప్ప, గొంతు తగ్గించి.

"మీ నాయన పోయినప్పుడు ఆయన కంబళి నాకే గదప్పా ఇస్తివి?" అన్నాడు తిమ్మన్న. "ముప్పై ఏండ్లు కప్పుకున్యా. నన్ను ఏనాడన్నా మీ ఇంటల్లుడని పిలిచినావా?"

అంతే. వీరేష్ ఇల్లటం పోలేదు, రామాంజినమ్మ మాట నిలిచింది అని పెద్దలు తీర్పు చెప్పారు. మీ మామ రెండు నెలల తర్వాత నా మొహం చూసి నవ్వాడు. నేను బెల్లం పంచమని కోడలిని కేకేశాను.

"బెల్లం ఆపు అవ్వా," అంది హేమలత. "వ్యాజ్యం గెలిచింది నువ్వు. నన్నెవురడిగినారు?"

"అడిగేదేముండాదే? మూడేండ్ల కిందనే..."

"మూడేండ్ల కింద మాటిచ్చింది నువ్వు. తీసుకుంది మా నాయన. ఉత్తరాలు చదివింది నేను, జవాబులు రాసింది నేను. ప్రతిసారీ పొట్టేలు దగ్గు సంగతి మరవకుండా అడిగినాడు. నన్ను ఒక్క మాట అడిగినాడా? చివరికి 'హేమలతతో చెప్పు' అంట. చదివేది నేనేనని తెల్దా ఆ మనిషికి? నా ఎదురుగా నిలబడి, ఇంకొకర్ని పిలిచి నాకు చెప్పమన్నట్లుండాది."

చెన్నప్ప మొహం వెలిగింది. "అట్లయితే మా సందీప్..."

"కూచో మామా. మీ సందీపూ నన్నడగలేదు. నువ్వడుగుతాండావు."

చెన్నప్ప కూర్చున్నాడు. నేను కూడా. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అని వెతికితే మనిషి దొరకలేదు. నన్ను పెళ్ళిచూపులకు కూడా కూర్చోబెట్టలేదు వీరేషా. మా నాయన మందలో ఉన్న నన్ను కేకేసి, ఎల్లుండి నీ పెళ్ళి అన్నాడు. నేను దొడ్డి తడిక వేసి వచ్చాను. మీ తాత మంచివాడు కాబట్టి బతికిపోయాను. కాకపోయుంటే? ఇన్నేళ్ళలో ఆ మాట నేనే అనుకోలేదు. నా మనవరాలి వల్ల నిన్న అనుకున్నాను.

కాబట్టి కాగితం మీద చెబుతున్నాను. హేమలతను వీరేష్‌కు ఇస్తానని నేను ఇచ్చిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అది చెల్లదని కాదు. అది నాది కాదు, ఆ పిల్లది, నేను నా నోట్లో పెట్టుకున్నాను. ఓడిపోయానని మాత్రం రాయవద్దన్నాను. రాసేసింది.

ఇకమీదట నాకు ఉత్తరం రాయకు. నీ తరువాతి ఉత్తరం హేమలత పేరున రావాలి. అందులో ఒక్క గొర్రె కూడా ఉండకూడదు. అడగవలసింది నువ్వే అడుగు, బతిమాలితే ఇంకా మంచిది. అది సరే అంటే పెళ్ళి. కాదంటే నువ్వు నా మనవడివే, అక్టోబరులో దిగి నేరుగా ఇంటికే రా, ఎవరూ ఏమీ అనరు. అననివ్వను.

ఇలోనకు నా నమస్కారం చెప్పు. వరుస ఏమవుతుందో తేలలేదు, అంతవరకు ఆమెను అక్కా అంటాను. వావిలాకు వేడి చేసి మోకాళ్ళకు కట్టుకోమను. నువ్వు వచ్చేశాక ఆ మంద ఎవరు కాస్తారో నాకు రాయమను. ఆ దిగులు నాకు తెలుసు. పగవాళ్ళకు కూడా వద్దు.

ఇది నేను చెప్పగా రాసి, చదివి వినిపించగా విని, నా ఇష్టపూర్తిగా పెట్టిన గుర్తు:

రామాంజినమ్మ ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
తిమ్మన్న, సంతకం
చెన్నప్ప, సంతకం (మనసొప్పక పెట్టినది)

రాసినది: హేమలత. పోస్టుమ్యాన్ మన ఊరికి వారానికి ఒకసారే వస్తాడు. నా పేరున వచ్చేదాన్ని మడకశిర పోస్టాఫీసులో ఉంచమంటే నేనే పోయి తెచ్చుకుంటాను.